అటు తిప్పితే అమ్మ... ఇటు తిప్పితే అమ్మమ్మ!

గోడ మీద ఒకటే ఫొటో. కుడివైపు నుంచి చూస్తే అమ్మ నవ్వుతుంటుంది. రెండడుగులు ఎడమకి జరిగితే అదే చోట, అదే నవ్వుతో అమ్మమ్మ కనిపిస్తుంది. కరెంటు లేదు, తెర లేదు, ప్రత్యేకమైన కళ్లజోడూ అక్కర్లేదు. ఒక ప్లాస్టిక్ రేకు, దాని వెనక ఒక కాగితం... అంతే! చిన్నప్పుడు స్కేలు మీద కన్నుగీటిన బొమ్మ దగ్గర్నుంచీ పూజగదిలో ముగ్గురు దేవుళ్లుగా మారే పటం దాకా అన్నిటిదీ ఇదే కిటుకు. దాని పేరు లెంటిక్యులర్ ప్రింటు. ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే కనుమరుగైపోతున్న ఫొటోని మళ్లీ చేతిలోకి తెచ్చే ఆ ప్రింటు కథే ఇది.

కొత్త స్కేలు తెచ్చుకున్న పిల్లాడికి ఆ రోజు క్లాసులో ఎంత గౌరవమో! స్కేలు కాస్త వంచితే కారు ముందుకు పరిగెత్తేది. ఇంకాస్త వంచితే పులి నోరు తెరిచేది. 'ఒక్కసారి ఇవ్వరా, చూసి ఇచ్చేస్తా' అని పక్క బెంచీవాళ్లంతా బతిమాలేవారు. గోటితో గీస్తే 'జుర్ర్'మని చప్పుడొచ్చే ఆ గరుకు రేకు కింద ఏముందో చూద్దామని బ్లేడు పెట్టి ఊడదీసిన ఘనులూ ఉంటారు. తీరా చూస్తే... అలుక్కుపోయినట్టున్న గీతలే తప్ప అక్కడ కారూ ఉండదు, పులీ ఉండదు!

అసలు సంగతి ఆ గీతల్లోనే ఉంది.

రేకుల షెడ్డు చెప్పే రహస్యం

ఇంటి పైకప్పుకి వేసే ముడతల రేకుని ఒకసారి గుర్తు చేసుకోండి. ప్రతి ముడతకీ రెండు వాలులుంటాయి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ఎడమ వాలులన్నిటికీ ఎర్రరంగు, కుడి వాలులన్నిటికీ పచ్చరంగు వేశారనుకుందాం. ఎడమవైపు నిలబడి చూస్తే రేకంతా ఎర్రగా, కుడివైపు నుంచి చూస్తే పచ్చగా కనిపిస్తుంది. రేకు మారలేదు. మారింది మనం నిలబడ్డ చోటు.

లెంటిక్యులర్ ప్రింటు చేసేదీ ఈ పనే. కాకపోతే ముడతల బదులు కటకాలను వాడుకుంటుంది. దాని పైన ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుని దగ్గరగా చూడండి. సన్నటి చెరుకు గడల్ని నిలువునా రెండుగా చీల్చి, పక్కపక్కనే బోర్లా పేర్చినట్టుంటుంది. ఆ ఒక్కో సగం గడా ఒక్కో కటకం. దాన్నే లెంటిక్యూల్ అంటారు. తన కింద ఉన్న కాగితంలో ఒక సన్నటి గీతని మాత్రమే తీసుకుని దాన్నే తన వెడల్పంతా పరిచి చూపించడం దీని ప్రత్యేకత. మనం కోణం మారిస్తే ఆ గీత వదిలేసి పక్క గీతని చూపిస్తుంది.

ఇక కింద కాగితం. అమ్మ ఫొటోని సన్నటి నిలువు పోగులుగా, అమ్మమ్మ ఫొటోనీ అలాగే పోగులుగా కోసి, ఒకటి అమ్మది, ఒకటి అమ్మమ్మది... ఇలా జడ అల్లినట్టు కలిపేస్తారు. దీన్ని ఇంటర్‌లేసింగ్ అంటారు. ఇప్పుడీ పనంతా కంప్యూటరే చేసేస్తుంది. ఒక్కో కటకం కింద రెండు ఫొటోల పోగులూ పక్కపక్కనే ఉంటాయి. కుడివైపు నుంచి చూసేవారికి కటకాలన్నీ కలిసి అమ్మ పోగుల్నే చూపిస్తాయి. ఎడమకి జరిగితే అన్నీ ఒక్కసారిగా అమ్మమ్మ పోగుల మీదకి మారతాయి.

మరి 3డీ బొమ్మ మాటేమిటి? మన రెండు కళ్లకీ మధ్య దూరం ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు. అంటే ఒకే వస్తువుని రెండు కళ్లూ కాస్త వేర్వేరు కోణాల్లోంచి చూస్తాయి. మెదడు ఆ తేడాని లెక్కగట్టి ఏది దగ్గర, ఏది దూరం అన్నది చెబుతుంది. లెంటిక్యులర్ ప్రింటులో ఒకే దృశ్యాన్ని కొద్దికొద్దిగా పక్కకి జరుగుతూ తీసిన పది పన్నెండు ఫొటోలను అల్లితే, ఎడమ కంటికి ఒక ఫొటో, కుడి కంటికి ఇంకో ఫొటో అందుతాయి. అంతే... ముందున్న పువ్వు చేతికి అందేలా, వెనకున్న కొండ ఎక్కడో దూరంగా కనిపిస్తాయి.

అందుకే 3డీ ప్రింట్లలో గీతలు నిలువుగా ఉంటాయి. చేతిలో పట్టుకుని వంచి చూసే స్కేళ్లు, కార్డుల్లో ఎక్కువగా అడ్డంగా ఉంటాయి. అక్కడ కూడా నిలువుగా పెడితే ఎడమ కంటికి కారు, కుడి కంటికి పులి కనిపించి తలనొప్పి తెప్పిస్తాయి మరి!

మూడొందల ఏళ్ల ముచ్చట

ఇదేదో కంప్యూటర్లొచ్చాక పుట్టిన విద్య అనుకుంటే పొరపాటే. ఫ్రెంచి చిత్రకారుడు గాస్పర్ ఆంత్వాన్ ద బ్వా-క్లేర్ 1692లోనే డెన్మార్క్ రాజకుటుంబం కోసం ఇలాంటి జోడీ చిత్తరువులు గీశాడు. మూడు పలకల చెక్క పట్టీలను నిలువుగా పేర్చి, ఎడమ వాలుల మీద ఒకరి ముఖం, కుడి వాలుల మీద ఇంకొకరి ముఖం చిత్రించాడు. అచ్చంగా మన ముడతల రేకు సూత్రమే. కోపెన్‌హాగన్‌లోని రోసెన్‌బోర్గ్ కోటకి వెళ్తే అవి ఇప్పటికీ చూడొచ్చు.

ఫొటోగ్రఫీ వచ్చాక 1903లో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ ఐవ్స్ అల్లిన ఫొటో ముందు సన్నటి నల్లగీతల తెర పెట్టి 3డీ బొమ్మని చూపించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నింటెండో కంపెనీ 2011లో కళ్లజోడు లేకుండా 3డీ చూపించే వీడియోగేమ్ పరికరాన్ని తెచ్చిందే... అందులోనూ వాడింది ఇలాంటి అడ్డుతెర సూత్రాన్నే. అయితే నల్లగీతలు వెలుగుని మింగేస్తాయి, దాంతో బొమ్మ మసకబారుతుంది. వాటి స్థానంలో కటకాలు పెడితే ఆ చిక్కే ఉండదు కదా అన్నది తర్వాత వచ్చిన ఆలోచన. ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త గాబ్రియేల్ లిప్‌మన్ 1908లో బుల్లి కటకాల వరసలతో ఫొటో తీసే పద్ధతిని ప్రతిపాదించాడు. రంగుల ఫొటోగ్రఫీలో చేసిన కృషికి ఆయన నోబెల్ అందుకున్నదీ ఆ ఏడాదే. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌కి చెందిన వాల్టర్ హెస్ గీతల కటకాల రేకుకి 1915లో అమెరికా పేటెంటు పొందాడు.

దాన్ని వ్యాపారంగా మార్చినవాళ్లలో పారిస్‌కి చెందిన మోరిస్ బోనే ఒకడు. 1940ల్లో షాంజెలీజే వీధిలో ఆయన 3డీ ఫొటో స్టూడియో నడిపాడు. అక్కడ ఫొటో దిగాలంటే మనిషి కదలకుండా కూర్చోవాలి. కెమెరానే మనిషి ముందు అర్ధచంద్రాకారంలో అటు నుంచి ఇటు జరుగుతూ వెళ్లేది. అమెరికాలో విక్టర్ ఆండర్సన్ స్థాపించిన వేరీ-వ్యూ సంస్థ దాన్ని చవకైన వినోదంగా జనంలోకి తీసుకెళ్లింది. 1952 ఎన్నికల్లో ఐసన్‌హోవర్ ప్రచారం కోసం వంచితే మారిపోయే బ్యాడ్జీలను తయారుచేసింది ఆ సంస్థే. 1964 ఫిబ్రవరి 25న వెలువడిన 'లుక్' పత్రిక సంచికలో ఎడిసన్ శిరోవిగ్రహం 3డీ ఫొటో అతికించి ఉంటే పాఠకులు దాన్ని తడిమి తడిమి చూశారు. రోలింగ్ స్టోన్స్ బృందం 1967లో తెచ్చిన పాటల రికార్డు అట్ట మీద కూడా కదిలే బొమ్మే!

అదే ఏడాది మన పొరుగున ఉన్న భూటాన్ ఏకంగా తపాలా బిళ్లల మీదకే దీన్ని తెచ్చింది. అంతరిక్ష యాత్రల బొమ్మలతో 3డీ స్టాంపులు విడుదల చేసి ప్రపంచమంతటా స్టాంపులు సేకరించేవారిని తనవైపు తిప్పుకుంది.

దేవుడి గదిలోకి ఎలా వచ్చాయి?

రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి, అప్పటిదాకా గుళ్లలో, సంపన్నుల మేడల్లో ఉండే దేవుళ్లను మామూలు ఇళ్ల గోడల మీదకి తెచ్చాడు. ఆ తర్వాత క్యాలెండర్లొచ్చాయి, లామినేషన్ పటాలొచ్చాయి. వాటి వెనకే లెంటిక్యులర్ పటాలూ వచ్చాయి. గుడి ముందు పూజాసామగ్రి కొట్లలో, ఊళ్లో పెట్టే ఎగ్జిబిషన్లలో వీటి దగ్గర జనం ఆగకుండా ముందుకెళ్లరు. ఒకవైపు నుంచి వెంకటేశ్వరస్వామి, నడిమధ్య పద్మావతమ్మ, మరోవైపు నుంచి లక్ష్మీదేవి... ఎటు నిలబడినా దేవుడు తమవైపే చూస్తున్నట్టు ఉంటే భక్తులకి అంతకంటే ఏం కావాలి!

ఇలాంటి పటాలు వేల సంఖ్యలో తయారవుతాయి కాబట్టి పెద్ద ఆఫ్‌సెట్ యంత్రాల మీద కటకాల రేకు వెనకవైపే నేరుగా అచ్చేస్తారు. రేకు గుండా చూస్తాం కాబట్టి బొమ్మని అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి వేయాలి. సిరా ప్లాస్టిక్ మీద ఇంకదు కాబట్టి అతినీలలోహిత కాంతితో అప్పటికప్పుడే ఆరబెడతారు. వెనక తెల్లరంగు పూత వేస్తారు. ఒకే బొమ్మ ఎన్ని వేల కాపీలు వేస్తే ఒక్కోటి అంత చవక.

కానీ మన ఇంట్లో ఫొటో ఒక్క కాపీయే కావాలి. అక్కడే స్టూడియోవాళ్ల అసలు పరీక్ష మొదలవుతుంది.

వెంట్రుకలో సగం తేడా వస్తే...

స్టూడియోల్లో చేసే పద్ధతి వేరు. ఫొటోని మంచి ఇంక్‌జెట్ ప్రింటరుతో కాగితం మీద తీసి, దాని మీద జిగురు పొర ఉన్న కటకాల రేకుని అతికిస్తారు. వినడానికి తేలికే. చేసేటప్పుడు తెలుస్తుంది కష్టం.

కటకాల రేకుల్ని అంగుళానికి ఎన్ని గీతలున్నాయన్న లెక్కతో అమ్ముతారు. చేతిలో పట్టుకుని చూసే కార్డులకి 75 నుంచి 100 గీతల రేకు. బల్ల మీద పెట్టుకునే ఫొటోకి 60 గీతలది. గోడ మీది పటానికి 40. దూరం నుంచి చూసే పెద్ద పోస్టర్లకి 15, 20 గీతలు చాలు. గీతలు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది.

ఇప్పుడు 60 గీతల రేకునే తీసుకుందాం. ఒక్కో కటకం వెడల్పు 0.42 మిల్లీమీటర్లు. ప్రింటరు అంగుళానికి 720 చుక్కలు వేస్తుందనుకుంటే ఒక్కో కటకం కింద 12 చుక్కలు పడతాయి. అంటే 12 ఫొటోల పోగులు అక్కడ సర్దొచ్చు. ఒక్కో పోగు వెడల్పు 0.035 మిల్లీమీటర్లు... ఇంచుమించు తలవెంట్రుకలో సగం! అది పక్కకి జరిగిందంటే అమ్మ ఉండాల్సిన చోట అమ్మమ్మ వచ్చేస్తుంది.

ఇంకో చిక్కుంది. రేకు మీద 60 అని రాసి ఉన్నంత మాత్రాన అది కచ్చితంగా 60 కాదు. ఒక్కో బ్యాచ్‌కీ కాస్త తేడా ఉంటుంది. తేమకి కాగితం సాగుతుంది, వేడికి ప్లాస్టిక్ పెరుగుతుంది. ప్రింటరు కాగితాన్ని లాక్కునే తీరులోనూ స్వల్పంగా తేడా ఉంటుంది. పైగా ఫొటోని ఎంత దూరం నుంచి చూస్తారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఈ తేడాలన్నీ కలిస్తే ఏమవుతుందో చూడండి. పది అంగుళాల ఫొటోకి 600 కటకాలుంటాయి. కింద ప్రింటులో అంగుళానికి 60కి బదులు 60.1 చొప్పున గీతలు పడితే మొత్తం 601 అవుతాయి. ఆరొందల్లో ఒక్కటే ఎక్కువ. అయినా సరే... ఎడమ అంచున అమ్మ, మధ్యలో అమ్మమ్మ, కుడి అంచున మళ్లీ అమ్మ కనిపిస్తారు! ఫొటో నిండా పట్టీలు పట్టీలుగా ఉంటుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందుగా పిచ్ టెస్ట్ చేస్తారు. 59.8, 59.85, 59.9... ఇలా కొద్దికొద్ది తేడాతో నలుపు తెలుపు గీతల వరసలు ఒకే కాగితం మీద ప్రింటు తీసి, పైన కటకాల రేకు పెట్టి, ఫొటోని చూసే దూరంలోనే నిలబడి ఒంటికన్నుతో చూస్తారు. తల పక్కకి జరిపినప్పుడు ఏ వరస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కసారిగా నల్లబడి, మళ్లీ ఒక్కసారిగా తెల్లబడుతుందో అదే సరైన అంకె. రేకు కొత్త బ్యాచ్ వచ్చినా, కాగితం మార్చినా పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది.

తర్వాతది అతికించే ఘట్టం. జిగురు మీది కాగితం ఒక అంచున మాత్రమే కొంచెం ఒలిచి, ఫొటో అంచున ఉన్న గుర్తు గీతలకి కటకాలు సమాంతరంగా వచ్చేదాకా రేకుని జరుపుతారు. కాస్త వంకర ఉన్నా ఏటవాలు చారలు కనిపించి వెంటనే పట్టిచ్చేస్తాయి. అన్నీ కుదిరాయనుకున్నాక అంచు నొక్కి, కోల్డ్ లామినేషన్ రోలర్లలోకి మెల్లగా పంపిస్తారు. ఒకసారి అతుక్కుందంటే మళ్లీ ఊడదీయడం ఉండదు. దుమ్ము కణం దొరికినా, గాలిబుడగ మిగిలినా ఆ రేకు, ఆ ప్రింటు రెండూ చెత్తబుట్టకే. మామూలు ప్రింటు కన్నా దీని ధర కొన్ని రెట్లు ఎక్కువ ఎందుకుంటుందంటే కారణం ఇదే. మనం కొనేది ఒక్క ఫొటోనే అయినా, దాని వెనక పాడైపోయిన రేకుల ఖర్చు కూడా ఉంటుంది.

నాలుగు కళ్ల కెమెరా నుంచి...

3డీ ఫొటోకి ఒకే దృశ్యం వేర్వేరు కోణాల్లో కావాలి కదా, అవెలా తీస్తారు? 1980ల్లో నిమ్‌స్లో అనే కెమెరా వచ్చింది. దానికి పక్కపక్కనే నాలుగు లెన్సులు. ఒక్క నొక్కుతో నాలుగు ఫొటోలు పడేవి. ఫిల్మ్‌ని కంపెనీ ల్యాబ్‌కి పంపితే 3డీ ప్రింట్లు చేసి ఇచ్చేవారు. అప్పట్లో ఆ కెమెరా గురించి జనం గొప్పగా చెప్పుకున్నా వ్యాపారంలో మాత్రం నిలబడలేకపోయింది. కదలని వస్తువులకైతే పట్టాల మీద కెమెరాని కొద్దికొద్దిగా జరుపుతూ తీస్తారు.

ఇప్పుడంత అవస్థ లేదు. మామూలు ఫొటో ఒక్కటి ఇచ్చినా ఫొటోషాప్‌లో మనుషుల్ని, వెనకున్న చెట్టుని, ఆకాశాన్ని వేర్వేరు పొరలుగా విడదీసి, దగ్గరున్న పొరని ఎక్కువగా, దూరంగా ఉన్నదాన్ని తక్కువగా జరుపుతూ కావల్సిన కోణాలన్నీ సృష్టిస్తారు. ఫొటోలో ఏది ఎంత దూరంలో ఉందో కృత్రిమ మేధ సాయంతో అంచనా వేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఈ పని ఇంకా తేలికైంది. దాంతో ఎప్పుడో నలభై ఏళ్ల కిందట స్టూడియోలో తాజ్‌మహల్ తెర ముందు దిగిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోని కూడా 3డీ చేయొచ్చు. చిన్నారి మొదటి అడుగులు వేస్తున్నప్పుడు ఫోన్లో తీసిన వీడియో నుంచి ఎనిమిదో పదో ఫ్రేములు ఏరి అల్లితే, వంచిన ప్రతిసారీ ఆ అడుగులు పడుతూనే ఉంటాయి.

పిల్లలకి మాత్రమే కనిపించే మాట

సరదా కోసం పుట్టిన ఈ విద్య ఒకసారి ఎంత పెద్ద పని చేసిందో చెప్పుకోవాలి. పిల్లల రక్షణ కోసం పనిచేసే స్పెయిన్‌లోని అనార్ ఫౌండేషన్ 2013లో వీధుల్లో ఒక లెంటిక్యులర్ పోస్టరు పెట్టింది. పెద్దవాళ్ల ఎత్తు నుంచి చూస్తే ఒక బాబు దిగులు ముఖం, పిల్లల మీద జరిగే హింస ఒక్కోసారి అనుభవించే ఆ పిల్లలకే తప్ప ఇంకెవరికీ కనిపించదన్న అర్థం వచ్చే మాట మాత్రమే ఉంటాయి. పదేళ్ల లోపు పిల్లల ఎత్తు నుంచి చూస్తే మాత్రం అదే బాబు ముఖం మీద దెబ్బలు, పక్కనే సాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబరు కనిపిస్తాయి. కొట్టే మనిషే పక్కన చెయ్యి పట్టుకుని నడుస్తున్నా, ఆ కబురు బిడ్డకి మాత్రమే అందాలన్నది దాని ఉద్దేశం. కటకాల గీతల్ని అడ్డంగా పెట్టడం వల్లే ఇది సాధ్యమైంది. మన దేశంలో పిల్లలు ఇలాంటి కష్టంలో ఉంటే చేయాల్సిన నంబరు 1098. ఇంట్లో పిల్లలకి ఒకసారి చెప్పి ఉంచితే మంచిది.

దొంగనోట్లని అడ్డుకోవడంలోనూ ఈ బుల్లి కటకాలది పెద్ద పాత్రే. అమెరికా 2013 అక్టోబరులో విడుదల చేసిన కొత్త 100 డాలర్ల నోటులో నీలిరంగు పట్టీ ఉంటుంది. నోటు వంచితే అందులోని గంట బొమ్మలు 100 అంకెలుగా మారతాయి. కంటికి కనిపించనంత చిన్న కటకాల మహిమ అది. కొన్ని దేశాల పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డుల్లోనూ వంచితే ఒకసారి ఫొటో, ఒకసారి పుట్టినతేదీ లాంటి వివరాలు కనిపించే చిన్న కిటికీ ఉంటుంది. ఫొటోస్టాట్ తీస్తే ఒక కోణమే పడుతుంది కాబట్టి నకిలీ ఇట్టే దొరికిపోతుంది. మన 500 రూపాయల నోటు వంచినప్పుడు అందులోని దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారేది మాత్రం వేరే కిటుకు. అది రంగు మార్చే పూత చేసే పని.

వాట్సాప్‌లో పంపలేని ఫొటో

ఒకప్పుడు ఊళ్లో ఫొటో స్టూడియో అంటే ఓ వెలుగు. పెళ్లిచూపుల ఫొటో అక్కడే, పదో తరగతి హాల్‌టికెట్ ఫొటో అక్కడే, బారసాల ఫొటో కూడా అక్కడే. 36 ఫొటోల రీలు అయిపోయేదాకా ఆగి, కడిగించి, కవరు విప్పుతుంటే ఉండే ఆత్రమే వేరు. ఆ రీళ్లమీదే సామ్రాజ్యం కట్టిన కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. ఫోన్లలో కెమెరాలొచ్చాక పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు తప్ప స్టూడియో మెట్లెక్కే అవసరమే తగ్గిపోయింది.

నిజానికి మనం ఇప్పుడు తీస్తున్నన్ని ఫొటోలు ఎప్పుడూ తీయలేదు. కానీ ఆ ఫోన్ పోయినా, నీళ్లలో పడినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా ఫొటోలన్నీ పోయినట్టే. ఫోన్లో వేల ఫొటోలున్నా, ఇంట్లో పెద్దాయన కన్నుమూసిన రోజు దండ వేయడానికి ఒక్క మంచి ఫొటో దొరకదు. ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి, పక్కవాళ్ల భుజం చెరిపించి, హడావుడిగా పెద్దది చేయించడం ఎన్ని ఇళ్లలో జరగట్లేదు!

కొత్త తరం స్టూడియోలు పట్టుకున్నది సరిగ్గా ఈ లోటునే. మగ్గు మీద ఫొటో, దిండు మీద ఫొటో, గాజు స్ఫటికంలో ఫొటో, గోడకి కాన్వాస్ ఫొటో... ఇలా ఫొటోని మళ్లీ ఒక వస్తువుగా మార్చి చేతికిస్తున్నాయి. వాటిల్లో లెంటిక్యులర్‌ది ప్రత్యేక స్థానం. ఎందుకంటే దాన్ని వాట్సాప్‌లో పంపలేం. ఫోన్‌తో ఫొటో తీస్తే ఒక్క కోణమే పడుతుంది. వీడియో తీస్తే బొమ్మ మారడం కనిపిస్తుంది కానీ లోతు రాదు. దాన్ని చూడాలంటే చేతిలోకి తీసుకోవాలి, లేదా లేచి ఆ గోడ దగ్గరికి నడవాలి. ఫోన్లో వేలితో తోసేసే ఫొటోకీ దీనికీ తేడా అదే.

ఆర్డరు ఇచ్చేముందు...

* రెండు ఫొటోలు మారేలా చేయించాలంటే వాటి వెనక రంగులు ఒకేలా ఉండాలి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటే ఒక ఫొటోలో రెండోది నీడలా కనిపిస్తూనే ఉంటుంది.

* ముఖాలు ఒకే సైజులో, ఒకే చోట ఉండేలా చూడమనాలి. ముఖ్యంగా కళ్లు. కళ్లు కళ్ల మీద కూర్చుంటేనే చిన్నప్పటి ముఖం పెద్దదవుతున్నట్టు ఉంటుంది.

* మరీ చిన్న అక్షరాలు వద్దు. పోగుల మధ్య నలిగిపోయి చదవడానికి రావు.

* ఎక్కడ పెడతారో ముందే చెప్పాలి. బల్ల మీదికి చేసింది ఎత్తుగా గోడకి తగిలిస్తే సరిగ్గా కనిపించదు.

* ఫ్రేముకి పైన మళ్లీ అద్దం వేయించొద్దు. వెలుగు పడి మెరుస్తుంది. ఎండ నేరుగా తగిలే చోటా, దీపం సెగ తగిలేంత దగ్గరా పెట్టొద్దు. రేకు వంగిపోతుంది.

* దుమ్ము పడితే మెత్తటి పొడిబట్టతో గీతల వెంబడే తుడవాలి. స్పిరిట్ లాంటివి వాడకూడదు.

మగ్గు మీదికి ఎలా ఎక్కుతుంది?

మగ్గు మీద ఫొటో అంటే స్టిక్కరు అతికించడం కాదు. సబ్లిమేషన్ అనే ప్రత్యేకమైన సిరాతో ఫొటోని తిరగేసి కాగితం మీద ప్రింటు తీస్తారు. దాన్ని మగ్గుకి చుట్టి, యంత్రంలో పెట్టి, 180 నుంచి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో మూడు నాలుగు నిమిషాలు నొక్కి ఉంచుతారు. ఘనరూపంలో ఉన్న రంగు కరగకుండానే నేరుగా ఆవిరై మగ్గు మీది పాలిమర్ పూతలోకి చొచ్చుకుపోతుంది. కాబట్టి గోటితో గీకినా రాదు. ఆ పూత లేని మామూలు మగ్గు మీద మాత్రం ఈ రంగు నిలవదు. టీషర్టుల విషయంలోనూ అంతే. పాలిస్టర్ అయితే పట్టుకుంటుంది, నూలు బట్ట మీదైతే నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. వేడి కాఫీ పోయగానే నల్లటి మగ్గు మీద ఫొటో ప్రత్యక్షమవుతుంది చూశారా, అక్కడ ఫొటో ముందు నుంచే ఉంటుంది. పైనున్న నల్లపూత వేడికి పారదర్శకంగా మారిపోతుంది. కాఫీ చల్లారితే మళ్లీ చీకటే!

ఇంట్లోనే చేసి చూడండి!

ఈ ఆదివారం పిల్లలతో కలిసి బ్వా-క్లేర్ బొమ్మ మనమూ చేయొచ్చు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు బొమ్మలు తీసుకోండి. రెంటినీ రెండేసి సెంటీమీటర్ల నిలువు పట్టీలుగా కత్తిరించండి. ఒక్కోదానికి పది పట్టీలొస్తాయి. వరస తప్పకుండా వెనక అంకెలు వేసుకోండి. 40 సెంటీమీటర్ల వెడల్పున్న చార్టు ముక్క మీద మొదటి బొమ్మ ఒకటో పట్టీ, రెండో బొమ్మ ఒకటో పట్టీ, మొదటిదాని రెండోది, రెండోదాని రెండోది... ఇలా అతికించండి. పట్టీలు కలిసే ప్రతిచోటా ఒకసారి పైకి, ఒకసారి కిందికి కాగితం విసనకర్రలా మడవండి. గోడకి తగిలించి ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూడండి. ఖర్చల్లా కాస్త జిగురు, ఓ గంట సమయం!

నవ్వు మాత్రం ఒకటే

లెంటిక్యులర్ ఫొటోలో ఒక కోణం ఉంటుంది. అమ్మ వెళ్లిపోతూ అమ్మమ్మ వస్తున్న ఆ రెంటి మధ్య చోటు. అక్కడ రెండు ముఖాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. స్టూడియోవాళ్లు దాన్ని లోపమనే అంటారు, వీలైనంత తగ్గించడానికి నానా తంటాలూ పడతారు. ఇంట్లోవాళ్లకి మాత్రం అక్కడే కాళ్లు ఆగుతాయి. అమ్మ కళ్లు, అమ్మమ్మ గడ్డం, ఇద్దరికీ ఒకటే అయిన ఆ నవ్వు... అన్నీ ఒకేసారి కనిపించేది అక్కడే మరి!